విండోసా, లినక్సా, మ్యాకా: మీ కంప్యూటర్‌కి ఏది వేయాలో తేల్చుకునే పద్ధతి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం) ముగిసింది. అప్పటి నుంచి శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం కోట జంక్షన్ దగ్గరైనా, పాత ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని షాపు మెట్లెక్కినవాళ్ళు అడిగేది ఒకటే. "ఏటి బాబూ, దీనికి విండోస్ పదకొండు ఎక్కదా? కొత్తది కొనాల్సిందేనా?"

షాపులో సాధారణంగా కొత్తది కొనమనే చెబుతారు, వాళ్ళ బేరం వాళ్ళది. యూట్యూబ్‌లో అయితే విండోస్ బదులు ఉచితంగా వేసుకునే లినక్స్‌కి అభిమానులు ఒకవైపు, మ్యాక్ అభిమానులు ఒకవైపు కొట్టుకుంటూ ఉంటారు. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్) గొప్పది అన్న దగ్గర మొదలుపెడితే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. మీరు వదులుకోలేని పని ఏమిటి, అది ఏ సాఫ్ట్‌వేర్‌కి, ఏ ప్రింటర్‌కి, ఏ పరికరానికి ముడిపడి ఉంది? దాన్ని ముందు రాసుకుంటే చాలామందికి నిర్ణయం అక్కడే అయిపోతుంది. మిగిలినవాళ్ళకి యంత్రం వయసు, చేతిలో డబ్బు, చెడితే చూసే మనిషి ఎవరు అన్నవి తేలుస్తాయి. ఈ గైడ్ కూడా అదే వరుసలో వెళుతుంది.

## 1. ముందు కాగితం, తర్వాతే కంప్యూటర్

వారం రోజుల్లో ఆ కంప్యూటర్ మీద జరిగే పనులన్నీ రాయండి. "నెట్ చూస్తాను, లెటర్లు కొడతాను" అంటే చాలదు. ఏ వెబ్‌సైట్లు, ఏ ప్రోగ్రాములు, ఏ ప్రింటర్, ఏ యూఎస్‌బీ పరికరం అన్నీ రావాలి. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ళు కూడా వాడితే వాళ్ళవీ అడిగి రాయండి. తర్వాత ఒక్కో పని పక్కన, అది బ్రౌజర్‌లో అయిపోతుందా, విడిగా ప్రోగ్రాం వేసుకోవాలా అని గుర్తు పెట్టండి.

బ్రౌజర్‌లో అయ్యే పనులకి ఏ సిస్టమ్ అయినా ఒకటే. మెయిల్, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, బ్యాంకు, రైలు టికెట్లు, మీభూమిలో 1బీ చూసుకోవడం, ఇవన్నీ క్రోమ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ ఉంటే చాలు. చిక్కంతా విడిగా వేసుకునే ప్రోగ్రాముల దగ్గరే వస్తుంది.

పలాస, కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారమో, నరసన్నపేటలో బట్టల షాపో ఉందనుకోండి. లెక్కలు ట్యాలీలో ఉంటాయి. ట్యాలీ ప్రైమ్ విండోస్ మీద నడిచేలా చేసిన ప్రోగ్రాం. లినక్స్‌లో వైన్ అనే పొర వేసి నడిపించేవాళ్ళు లేకపోలేదు గానీ, మార్చి నెలాఖరులో అది మొరాయిస్తే ఆడిటర్ ముందు ఏం చెబుతారు? జీఎస్టీ పోర్టల్ ఎక్కడైనా తెరుచుకుంటుంది. రిటర్నుల ఆఫ్‌లైన్ టూల్ మాత్రం విండోస్‌నీ, ఎక్సెల్‌నీ అడుగుతుంది. డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే దాని డ్రైవర్ (పరికరాన్ని సిస్టమ్‌తో పలికించే సాఫ్ట్‌వేర్) సంగతి ఇంకొకటి. కాబట్టి వ్యాపారం లెక్కల యంత్రానికి విండోస్ వేసుకోవడమే మంచిది. మీ పని ఇదే అయితే మిగతా పోలికలు వదిలేసి మూడో భాగానికి వెళ్ళిపోవచ్చు.

డీటీపీ షాపుల సంగతీ అంతే. శుభలేఖలు, కరపత్రాలు అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో ఏళ్ళ తరబడి చేసినవి ఉంటాయి. ఆ పాత ఫైళ్ళు మళ్ళీ తెరవాలంటే విండోస్ ఉండాలి. ఫోటోషాప్ విండోస్ మీద, మ్యాక్ మీద ఉంది, లినక్స్‌కి లేదు. పెళ్ళి వీడియోలు ఎడియస్‌లో చేసేవాళ్ళకి విండోస్ తప్ప దారి లేదు. డావిన్చీ రిజాల్వ్‌కి అలవాటుపడ్డవాళ్ళకి మూడు దారులూ ఉన్నాయి.

ఊళ్ళో సేవా కేంద్రం నడిపేవాళ్ళు వేలిముద్ర పరికరాన్ని ముందు చూసుకోవాలి. ఆధార్ ధ్రువీకరణకి ఆ పరికరంతో పాటు ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. కంపెనీలు దాన్ని ప్రధానంగా విండోస్‌కీ, ఆండ్రాయిడ్‌కీ ఇస్తాయి. మీ మోడల్ నంబరుకి ఏ సిస్టమ్‌కి ఇచ్చారో తయారీదారు వెబ్‌సైట్‌లో చూడకుండా యంత్రం మీద చెయ్యి వెయ్యకండి.

ఇక రాజాం, చింతలవలస, టెక్కలి, ఎచ్చెర్ల వైపు చదివే ఇంజినీరింగ్ పిల్లలు. వీళ్ళకి బ్రాంచిని బట్టి మారుతుంది. కంప్యూటర్ సైన్స్ అయితే లినక్స్ నేర్చుకోవడం చదువులో భాగమే అనుకోండి, సర్వర్లన్నీ దాదాపు దాని మీదే నడుస్తున్నాయి. విండోస్‌లోనే ఉంటూ డబ్ల్యూఎస్ఎల్ ద్వారా లినక్స్ వాడుకోవడం కూడా మంచి మధ్యేమార్గం. సివిల్ వాళ్ళకి స్టాడ్ ప్రో, రెవిట్, మెకానికల్ వాళ్ళకి సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదే. ఆటోక్యాడ్ మ్యాక్‌కి కూడా ఉంది. ఈసీఈలో వివాడో లినక్స్‌లోనూ నడుస్తుంది, కెయిల్ మైక్రోవిజన్ నడవదు. ఐఫోన్ యాప్‌లు చేస్తానంటే ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్‌లో తప్ప లేదు. ఆన్‌లైన్ పరీక్షలకి సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటివి పెడితే వాటికి లినక్స్ వెర్షన్ లేదని గుర్తుంచుకోండి. సీనియర్లని అడగండి, సెమిస్టర్‌లో ఏ ల్యాబ్‌కి ఏం వాడారో వాళ్ళు చెప్పినంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

ఆటల గురించి ఒక్క మాట. స్టీమ్‌లో ఉన్న ఆటలు చాలావరకు, విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ అనే పొర పుణ్యమా అని లినక్స్‌లో బాగానే ఆడుతున్నాయి. వాలరెంట్ లాంటివి వాటి యాంటీ చీట్ (మోసం చేసి ఆడేవాళ్ళని పట్టే సాఫ్ట్‌వేర్) వల్ల ఆడవు. ఇంట్లో వాలరెంట్ ఆడే కుర్రాడుంటే వాడితో వాదన పెట్టుకోకండి.

కాగితం మీద అందరూ మర్చిపోయేది ప్రింటర్. జిరాక్స్ షాపుల్లో, ఇళ్ళల్లో ఇప్పటికీ కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 ఉంది చూశారా, అది క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో పనిచేస్తుంది. లినక్స్‌లో దాన్ని కదిలించడానికి చాలా ఓపిక కావాలి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ వల్ల గుచ్చగానే పలుకుతాయి. ఎప్సన్ ఇంక్ ట్యాంక్, బ్రదర్ ప్రింటర్లకి కంపెనీలే లినక్స్ డ్రైవర్లు ఇస్తున్నాయి. ప్రింటర్ కోసం సిస్టమ్ మార్చుకోవడం వింతగా అనిపించవచ్చు గానీ, మంచి స్థితిలో ఉన్న ప్రింటర్‌ని పారేయడం కంటే నయం.

ఇవేవీ లేకుండా, బ్రౌజరూ, పీడీఎఫ్‌లూ, ఒకటీ అరా ఉత్తరాలూ, ఫోన్‌లోంచి దించిన ఫోటోలూ అంతే అని తేలిందా? అప్పుడు మీరు పూర్తిగా స్వేచ్ఛగా ఎంచుకోవచ్చు. రిటైరైన మాస్టార్లు, ఇంటి లెక్కలు చూసుకునేవాళ్ళు చాలామంది ఇందులోకే వస్తారు.

## 2. యంత్రం వయసు కనుక్కోవడం

ల్యాప్‌టాప్ మీద ఉన్న స్టిక్కర్ చూసి "ఐ5 అండీ" అంటే సరిపోదు. 2010లో వచ్చిందీ ఐ5 ఉంది, నిన్న వచ్చిందీ ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని అడుగున అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు పూర్తిగా కనిపిస్తుంది. అందులో గీత తర్వాత వచ్చే సంఖ్య ముఖ్యం. ఐ5-6300యూ అంటే ఆరో తరం. ఐ5-7200యూ ఏడో తరం. ఐ5-8250యూ ఎనిమిదో తరం. ఐదు అంకెలుండి 10210 అని ఉంటే పదో తరం. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి ఎక్కుతుంది. అక్కడక్కడా మినహాయింపులున్నా ఇదే లెక్క అనుకోండి.

విశాఖలోనో, ఆన్‌లైన్‌లోనో రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) ల్యాప్‌టాప్ కొనేవాళ్ళు ఈ అంకెని బేరానికి ముందే అడగాలి. ఆఫీసుల్లోంచి దిగిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు గట్టివే. కానీ ఆరు, ఏడు తరాలవి చవగ్గా దొరకడానికి ఒక కారణం ఇదే: వాటికి విండోస్ 11 అర్హత లేదు. లినక్స్ వేసుకునే ఉద్దేశం ఉంటే అవే మంచి బేరం.

ప్రాసెసర్‌తో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలవనిచ్చే ఏర్పాటు), 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు కావాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. ఇవన్నీ ఒకేసారి చూడటానికి పీసీ హెల్త్ చెక్ అనే వాళ్ళ యాప్ ఉంది. టీపీఎం లేదు అని అది చెప్పినా వెంటనే నిరాశ పడకండి. చాలా యంత్రాల్లో అది ఉండి, బయోస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే యంత్రం సెట్టింగ్‌లలో) ఆఫ్ అయి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, ఆన్ చేసి మళ్ళీ చూడండి.

4 జీబీ ర్యామ్ అన్నది కాగితం మీద మాట. దాంతో విండోస్ 11 తెరుచుకుంటుంది, క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తీస్తే ఆయాసపడుతుంది. 8 జీబీ కంటే తక్కువుంటే విండోస్ 11 వేసే ముందు ర్యామ్ పెంచండి.

ర్యామ్ కంటే ముందు చూడాల్సింది డిస్కు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరవండి. డిస్క్ దగ్గర హెచ్‌డీడీ అని ఉంటే మీ యంత్రం నెమ్మదికి అసలు కారణం దొరికినట్టే. కంప్యూటర్ ఆన్ చేసి, స్నానం చేసి వచ్చేసరికి డెస్క్‌టాప్ వస్తుందని చెప్పే యంత్రాల్లో ఎక్కువ భాగం ఇవే. సిస్టమ్ ఏది వేసినా, తిరిగే హార్డ్ డిస్కు మీద వేస్తే డబ్బు మిగిలింది తప్ప సుఖం లేదు. దాని బదులు తిరిగే భాగాలు లేని, వేగమైన ఎస్‌ఎస్‌డీ డిస్కు 240 లేదా 256 జీబీది పెట్టించండి. పాత ల్యాప్‌టాప్‌ల్లో రెండున్నర అంగుళాల సాటా రకం సరిపోతుంది, కొంచెం కొత్తవాటిలో ఎం.2 స్లాట్ కూడా ఉండవచ్చు. షాపుకి వెళ్ళే ముందు మోడల్ నంబరు రాసుకుని వెళ్ళండి.

## 3. బరిలో ఎవరెవరున్నారు

విండోస్ 11. 2021 అక్టోబర్ 5న వచ్చింది. యంత్రానికి అర్హత ఉండి, మీ కాగితం మీద ట్యాలీ, అను, వేలిముద్ర పరికరం లాంటివి ఏ ఒక్కటున్నా ఆలోచించే పని లేదు. విసిగించే సంగతులూ ఉన్నాయి. సెటప్‌లో ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. అడగని యాప్‌లు, ప్రకటనలు కనిపిస్తాయి. మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్ళకి అప్‌డేట్లు రోజు డేటాని మింగేస్తాయి. ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా గుర్తు పెడితే చాలావరకు ఆగుతుంది.

అర్హత లేని యంత్రం మీద రూఫస్ లాంటి టూల్‌తో తనిఖీలు దాటించి 11 వేసే పద్ధతి ఉంది. షాపుల్లో చాలామంది చేసేది అదే. పనిచేస్తుంది కూడా. కానీ అలాంటి యంత్రాలకి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. కోర్ 2 డ్యుయో కాలం నాటివైతే 24హెచ్2 వెర్షన్ నుంచి అసలు బూటే కావు. వ్యాపారం లెక్కలున్న యంత్రం మీద ఈ ప్రయోగం నేను చెప్పను.

విండోస్ 10లోనే ఉండటం. ఇళ్ళల్లో వాడేవాళ్ళ కోసం అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఒకటి పెట్టారు, 2026 అక్టోబర్ 13 వరకు. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరవచ్చు. ఇది శాశ్వత పరిష్కారం కాదు, కొత్త యంత్రానికి డబ్బు కూడేదాకా గడువు కొనుక్కోవడం. ఈ అప్‌డేట్లు లేని విండోస్ 10 మీద బ్యాంకు పనులు మాత్రం చెయ్యకండి.

లినక్స్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) ఒకటే, దాని మీద కట్టిన డిస్ట్రోలు, అంటే లినక్స్ రకాలు, వందల్లో ఉన్నాయి. పొందూరులో నూలు ఒకటే అయినా పంచె వేరు, చీర వేరు అయినట్టు. కొత్తవాళ్ళు ఆ వందల్లోకి దిగనక్కర్లేదు. విండోస్ నుంచి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది లినక్స్ మింట్. కింద మెనూ, గడియారం, కిటికీలు అన్నీ అలవాటైన చోటే ఉంటాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రానికి అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, 8 జీబీ ఉంటే సినమన్ రకం. మింట్ 22 వరుసకి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ఉబుంటు 24.04 కూడా మంచిదే, దానికి కాస్త బలమైన యంత్రం కావాలి. మన సీడాక్ వాళ్ళు డెబియన్ మీద కట్టిన బాస్ లినక్స్ ఉంది, ప్రభుత్వ కార్యాలయాలని దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇంటికి మాత్రం మింట్ వైపే నా మొగ్గు, ఎందుకంటే సమస్య వచ్చి వెతికితే జవాబులు దానికి బాగా దొరుకుతాయి. లినక్స్ సామాన్యులకి రాదనేవాళ్ళకి కేరళ సర్కారు బడుల్ని చూపించవచ్చు, అక్కడ విద్యాశాఖ సంస్థ కైట్ ఆధ్వర్యంలో పిల్లలు ఏళ్ళుగా దాని మీదే నేర్చుకుంటున్నారు.

లినక్స్‌కి అసలు లోటు సాఫ్ట్‌వేర్‌లో కంటే మనుషుల్లో ఉంది. విండోస్ చెడితే బాగుచేసే కుర్రాడు ప్రతి జంక్షన్‌లో దొరుకుతాడు. లినక్స్ అనగానే అదే కుర్రాడు "ఫార్మాట్ కొట్టేద్దామండీ" అంటాడు. కాబట్టి వేసుకునే ముందే, ఫోన్ చేస్తే పలికే మనిషి ఒకరున్నారా అని చూసుకోండి. ఇంజినీరింగ్ చదివే మేనల్లుడో, పక్కింటి పిల్లాడో చాలు.

మ్యాక్. ఇది ఉన్న యంత్రానికి వేసుకునేది కాదు, కొత్తగా కొనాల్సిందే. బ్యాటరీ, స్క్రీన్ బాగుంటాయి, ఏళ్ళ తరబడి నడుస్తుంది. ర్యామ్ తర్వాత పెంచుకోలేరు కాబట్టి కొన్నప్పుడే సరిపడా తీసుకోండి. సర్వీసుకి విశాఖ వెళ్ళాల్సి రావచ్చని లెక్కలో వేసుకోండి. పాతది కొనేటట్టయితే ఇంటెల్ మ్యాక్‌బుక్ జోలికి వెళ్ళకండి. 2020 నవంబర్‌లో ఎం1 వచ్చిన దగ్గర్నుంచి ఆపిల్ సొంత చిప్పులకి మారిపోయింది. 2025లో వచ్చిన టాహో అనే మ్యాక్ ఓఎస్ ఇంటెల్ యంత్రాలకి ఆఖరి వెర్షన్, అది కూడా కొన్ని మోడళ్ళకే.

క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్. పాత యంత్రాన్ని క్రోమ్‌బుక్‌లా (ప్రధానంగా బ్రౌజర్ మీదే నడిచే గూగుల్ రకం ల్యాప్‌టాప్‌లా) మార్చేస్తుంది, 2022 నుంచి ఉచితంగా దొరుకుతోంది. యూట్యూబ్, మెయిల్, వీడియో కాల్ తప్ప ఇంకేం వద్దనే పెద్దవాళ్ళకి బాగుంటుంది. ఇందులో ప్లే స్టోర్ ఉండదు. ఆండ్రాయిడ్ యాప్‌లు వస్తాయనుకుని వేస్తే నిరాశే.

## 4. వేసే ముందు పెన్‌డ్రైవ్ మీద చూడటం

లినక్స్‌ని హార్డ్ డిస్కు ముట్టుకోకుండానే నడిపి చూడవచ్చు. అయినా దీన్ని పట్టించుకోకుండా నేరుగా ఫార్మాట్ కొట్టేవాళ్ళే ఎక్కువ.

ముందు పెన్‌డ్రైవ్. 8 జీబీ లేదా ఎక్కువ ఉన్నది తీసుకోండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. మింట్ అధికారిక వెబ్‌సైట్ నుంచి ఐఎస్ఓ ఫైలు (సిస్టమ్ మొత్తం ఒకే ఫైలుగా ఉన్నది) దించాలి, సుమారు 3 జీబీ ఉంటుంది. రోజుకి జీబీన్నర మొబైల్ డేటాతో మధ్యలో ఆగిపోతుంది, ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్ళింట్లో దించుకోండి. మధ్యలో తెగిన ఫైలు చూడ్డానికి బాగానే ఉండి ఇన్‌స్టాల్ సగంలో పడిపోతుంది, కాబట్టి సైట్‌లో ఇచ్చిన షా256 సంఖ్యతో (ఫైలు చెక్కుచెదరలేదని తేల్చే గుర్తు) సరిచూసుకోండి. తర్వాత రూఫస్‌తో గానీ ఎచర్‌తో గానీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఫైలుని మామూలుగా కాపీ చేస్తే బూట్ కాదు.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌ల్లో డిస్కు మీకు తెలియకుండానే బిట్‌లాకర్ అనే విండోస్ సదుపాయంతో తాళం పడి ఉండవచ్చు. బయోస్‌లో సెట్టింగ్‌లు మారిస్తే తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్‌లో ఫోటో తీసి వదిలేస్తే చాలదు.

ఇక పెన్‌డ్రైవ్ గుచ్చి రీస్టార్ట్ చెయ్యండి. డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌ల్లో ఎస్కేప్ నొక్కితే బూట్ మెనూ వస్తుంది. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు బయోస్‌లో దాన్ని ఆన్ చేయాల్సి ఉంటుంది. లోగో కనిపించీ కనిపించకముందే నొక్కుతూ ఉండాలి, ఆలస్యమైతే విండోస్‌లోకి వెళ్ళిపోతుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే కాసేపటికి మింట్ డెస్క్‌టాప్ వస్తుంది. దాని మీద ఇన్‌స్టాల్ అనే ఐకాన్ ఉంటుంది, దాన్ని ఇప్పుడు ముట్టుకోకండి.

ఒక గంట కూర్చుని ఇవి చూడండి. వైఫై దొరికిందా? సౌండ్ వస్తోందా, ఇయర్‌ఫోన్స్ గుచ్చితే మారుతోందా? స్క్రీన్ వెలుగు కీలతో తగ్గుతోందా? కెమెరా, మైకు పలుకుతున్నాయా? మూత మూసి తెరిస్తే మళ్ళీ లేస్తోందా? ప్రింటర్ గుచ్చి ఒక పేజీ తీయండి. మీ బ్యాంకు సైట్ తెరవండి. మీ పాత వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు రెండు మూడు లిబ్రెఆఫీస్‌లో తెరిచి పట్టికలు చెదిరాయేమో చూడండి.

వైఫై రాకపోతే కంగారు పడకండి. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫై చిప్‌కి కావాల్సిన డ్రైవర్‌ని చాలాసార్లు అదే చూపిస్తుంది. పెన్‌డ్రైవ్ మీద నడుస్తుంది కాబట్టి కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి వేగం అంచనా వెయ్యకండి.

## 5. తెలుగు టైపింగ్

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీని కోసమే విండోస్‌ని వదల్లేమనుకుంటారు.

యూనికోడ్ తెలుగు (ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే రకం) అయితే మూడు సిస్టమ్‌లలోనూ ఏ లోటూ లేదు. విండోస్‌లో భాషల సెట్టింగ్‌లో తెలుగు చేరిస్తే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఫొనెటిక్ కీబోర్డు కూడా దొరుకుతుంది. మ్యాక్‌లోనూ తెలుగు కీబోర్డులున్నాయి. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనానికి ఎం17ఎన్ ప్యాకేజీ జత చేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్ కీబోర్డు పద్ధతులన్నీ వస్తాయి. ఇందులో చివరిది చాలామందికి తెలియదు. అనులో ఆపిల్ లేఅవుట్‌కి వేళ్ళు అలవాటైపోయిన డీటీపీ ఆపరేటర్ లినక్స్‌లో కూడా దాదాపు ఆ అలవాటుతోనే యూనికోడ్ కొట్టుకోవచ్చు. సూరన్న, మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఎక్కడైనా పడతాయి.

సమస్య పాత ఫైళ్ళది. అను ఫాంట్లలో కొట్టినవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన గందరగోళం కనిపిస్తుంది. కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకసారి చదివి దిద్దుకోవాలి. ప్రెస్సుకి అను ఫైలే ఇవ్వాల్సిన షాపువాళ్ళు విండోస్‌లోనే ఉండాలి. మిగతావాళ్ళు కొత్తగా రాసేవైనా యూనికోడ్‌లో రాయడం మొదలుపెట్టండి.

## 6. లైసెన్స్ లెక్క

షోరూంలో రెండు ల్యాప్‌టాప్‌లు ఒకేలా ఉంటాయి, ఒకటి కొన్ని వేలు తక్కువకి చెబుతారు. అడిగితే "అది డాస్ అండీ, విండోస్ మేం వేసిస్తాం" అంటారు. అంటే అందులో లైసెన్స్ లేదు, వాళ్ళు వేసేది చాలాసార్లు క్రాక్ చేసింది. అలా క్రాక్ చేసే యాక్టివేటర్ ప్రోగ్రాములు నడవాలంటే యాంటీవైరస్‌ని ఆపమంటాయి. అలా ఆపేసిన యంత్రం మీద యూపీఐ, నెట్ బ్యాంకింగ్ చేయడమంటే తలుపు తీసి పడుకోవడమే. విండోస్ కావాలనుకుంటే లైసెన్స్‌తో ఉన్నదే కొనండి. లినక్స్ వేసుకునేవాళ్ళకి మాత్రం డాస్ ల్యాప్‌టాప్ అసలైన లాభం.

మీ దగ్గరున్న బ్రాండెడ్ ల్యాప్‌టాప్ కొన్నప్పుడే విండోస్ 8 లేదా ఆ తర్వాతి వెర్షన్‌తో వచ్చిందైతే లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద అదే ఎడిషన్ మళ్ళీ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోతుంది. మళ్ళీ కీ కొనమని ఎవరైనా అంటే వినకండి. కొన్ని చవక ల్యాప్‌టాప్‌లు ఎస్ మోడ్‌లో వస్తాయి, స్టోర్ యాప్‌లు తప్ప ఏవీ పడవు. దాని నుంచి బయటికి రావడానికి డబ్బు కట్టనక్కర్లేదు, ఒకసారి వస్తే మళ్ళీ వెనక్కి వెళ్ళలేరు.

## 7. ఇన్‌స్టాల్ చేసే రోజు

అన్నిటికంటే భయం లేని పద్ధతి ఇది. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, పాత హార్డ్ డిస్కుని అలాగే బయటికి తీసి పక్కన పెట్టి, కొత్తదాని మీద కొత్త సిస్టమ్ వెయ్యండి. నచ్చకపోతే పాతది మళ్ళీ బిగిస్తే చాలు, కంప్యూటర్ నిన్నటిలా ఉంటుంది. ఒక చిన్న యూఎస్‌బీ కేసు కొంటే పాత డిస్కులోంచి ఫైళ్ళు కావాల్సినప్పుడల్లా లాక్కోవచ్చు.

డిస్కు మార్చకుండా వేసేటట్టయితే బ్యాకప్ తప్పదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే ఉన్నాయి: ట్యాలీ డేటా ఫోల్డర్, అను ఫాంట్లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, సి డ్రైవ్‌లో ఎక్కడో పెట్టిన స్కాన్ చేసిన పాస్‌బుక్కులు, సర్టిఫికెట్లు. కాపీ చేశాక వేరే కంప్యూటర్‌లో గుచ్చి, నాలుగు ఫైళ్ళు తెరిచి చూడండి.

కరెంటు సంగతి మన వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. తిత్లీ 2018 అక్టోబర్‌లో కొట్టినప్పుడు ఉద్దానం వైపు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తుపాను హెచ్చరిక ఉన్న రోజు, ఈదురుగాలి పెట్టిన సాయంత్రం ఈ పని పెట్టుకోకండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉండాలి, చార్జర్ గుచ్చే ఉండాలి. డిస్కు విభాగాలు మారుస్తున్నప్పుడు కరెంటు పోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు.

రెండూ కావాలనుకుంటే ఒకే యంత్రంలో విండోస్, లినక్స్ రెండూ పెట్టవచ్చు. ముందు విండోస్, తర్వాత లినక్స్, ఈ వరుస మార్చకండి. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ తగ్గించి కనీసం 50 జీబీ ఖాళీ చెయ్యండి. ఫాస్ట్ స్టార్టప్‌ని ఆపండి, లేకపోతే లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు. రెండింటి మధ్య మారినప్పుడు విండోస్ గడియారం అయిదున్నర గంటలు వెనక్కి వెళితే బ్యాటరీ పోయిందనుకోకండి. విండోస్ హార్డ్‌వేర్ గడియారాన్ని మన సమయంగా చదువుతుంది, లినక్స్ గ్రీనిచ్ సమయంగా చదువుతుంది, తేడా అదే. లినక్స్‌ని కూడా లోకల్ టైమ్ చదవమని ఒక కమాండ్‌తో చెప్పవచ్చు.

విండోస్ ప్రోగ్రాం ఒక్కటే, అదీ నెలకోసారి అవసరమైతే రెండు సిస్టమ్‌ల తలనొప్పి ఎందుకు? లినక్స్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్‌ని నడిపే ప్రోగ్రాం) వేసి అందులో విండోస్ పెట్టుకోండి. దానికీ లైసెన్స్ కావాలి, 8 జీబీకి పైన ర్యామ్ కావాలి.

## 8. మొదటి నెల

మింట్ వేసుకున్నవాళ్ళు మొదటి రోజే టైమ్‌షిఫ్ట్ తెరిచి స్నాప్‌షాట్‌లు ఆన్ చెయ్యండి. అప్‌డేట్ తేడా చేస్తే నిన్నటి స్థితికి వెళ్ళిపోవచ్చు. అది సిస్టమ్ ఫైళ్ళకే, మీ ఫోటోలకి వేరే బ్యాకప్ ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్ళు వాడే యంత్రమైతే బ్రౌజర్, ఫోటోలు, ప్రింట్ తప్ప మిగతా ఐకాన్లు తీసేయండి. పాస్‌వర్డు ఒక పుస్తకంలో రాసి, ఎక్కడుందో ఇంకొకరికి చెప్పండి.

విండోస్ 11 వేసుకున్నవాళ్ళు స్టార్టప్ యాప్‌ల జాబితాలోంచి అక్కర్లేనివి ఆపి, ఫైళ్ళు మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లోకి వెళుతున్నాయో లేదో చూసుకోండి. డెస్క్‌టాప్ ఫోల్డర్ మీకు చెప్పకుండానే అక్కడికి మారిపోయి, ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండిపోయిందని సందేశాలు రావడం మామూలే.

పక్కన పెట్టిన పాత డిస్కుని వెంటనే చెరపకండి, అమ్మకండి. వ్యాపారమైతే ఒక జీఎస్టీ రిటర్ను, ఒక నెల ట్యాలీ లెక్క కొత్త యంత్రం మీద పూర్తయ్యేదాకా ఉంచండి. విద్యార్థి అయితే ఒక సెమిస్టర్ ల్యాబులు గడిచేదాకా. ఆ తర్వాత పూర్తిగా ఫార్మాట్ చేసి బ్యాకప్ డ్రైవ్‌గా వాడుకోవచ్చు.